హెచ్చరిక దీపము – దాని భాష

మాటలాడనేరని వాని బాధ నెరుంగుట కష్టము. పసిబిడ్డ యేడ్చును, పశువు మేత మానును. ఆ గురుతును చూచి తల్లియు, రైతును కారణమును వెదకుదురు. మోటారుకారును అట్టిదే. లోపల నేమి చెడినదో అది చెప్పజాలదు. కావుననే నడుపువాని యెదుటనున్న పలకపై చిన్న చిన్న దీపముల నమర్చిరి. ఆ దీపముల భాషను మేము నేర్చుకొనవలసివచ్చిన విధమును, దానివలన మాకు తెలిసిన సంగతులును ఈ వ్యాసమున వ్రాయుచున్నాము.

మేమును మా తమ్ముడును ఉద్యోగముల నిమిత్తము అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నివసించుచున్నాము. మాకొక పాత కారు గలదు. అది జపానుదేశపు మాజ్డా కంపెనీవారి మియాటా. ఈ జాతి కారును 1989వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో షికాగో ప్రదర్శనమున తొలిసారి లోకమునకు చూపిరి. రెండే ఆసనములు, మడచివేయదగిన గుడ్డకప్పు, ముందు ఇంజను, వెనుక చక్రములకు బలము. అంతయు కలిపి బరువు ఇంచుమించు వేయి కిలోగ్రాములు. మితిమీరిన వేగమునకు గాక, నడుపుటలోని ఉల్లాసమునకే దీనిని నిర్మించిరి. 2016వ సంవత్సరమున ఈ జాతి బండ్ల లెక్క పదిలక్షలకు చేరినది. మాది 1990 నాటిది. తమ్ముడు తన తొలి సంపాదనలో మిగిల్చిన సొమ్ముతో కొన్నది.

ఒక చలికాలమున ఆ బండి పలకపై ఇంజను దీపము వెలుగజొచ్చెను. పెద్ద రస్తాలో లారీల నడుమ చేరబోవునప్పుడు బండి దగ్గినట్లై ఒక్క క్షణము వెనుకాడుచుండెను. అట్టి చోట ఒక్క క్షణమే ప్రాణాపాయము. ఇంకొక చిక్కును గలదు. ఆ రాష్ట్రమున ఇట్టి బండ్లకు రెండేండ్లకొకసారి పొగపరీక్ష జరుగును. ఆ దీపము వెలుగుచున్నచో పరీక్ష నెగ్గదు. నెగ్గనిచో రిజిస్ట్రేషను సాగదు. మాకున్న గడువు మూడు వారములు. ఒక మరమ్మతుశాలవారు దీపమును చూచినంతనే, పొగను శుద్ధిచేయు క్యాటలిటిక్ కన్వర్టరును మార్పవలెనని చెప్పిరి. వారు చెప్పిన వెల బండి వెలలో సగము. “అన్నయ్యా, తుక్కుక్రింద అమ్మివేయుదమా?” అని తమ్ముడు మెల్లగా అడిగెను. కారణము తెలియనిదే బండిని అమ్ముటగాని, సొమ్ము పోయుటగాని తగదని మేము నిశ్చయించితిమి.

దీపముల భాషలో మొదటి పాఠము రంగు. ఎఱ్ఱదీపము “ఆగుము” అనును. ఇంజనులో నూనె ఒత్తిడి పడిపోయినను, బ్రేకు ద్రవము తగ్గినను, ఎఱ్ఱనిదే వెలుగును. నూనె దీపము వెలిగిన పిమ్మట ఇల్లు చేరుదమని సాగినవాని ఇంజను ఇల్లు చేరకయే పాడగును. పసుపురంగు దీపము “నన్ను పరీక్షింపుము” అనును. అది అప్పటికప్పుడు ఆగుమని కాదు, రేపు రేపని వాయిదా వేయవలదని. ఆకుపచ్చయు నీలియు ఏదో ఒకటి పనిచేయుచున్నదని తెలుపునవి మాత్రమే. తాళమును త్రిప్పి, ఇంజనును నడిపింపకముందు చూచినచో హెచ్చరిక దీపములు ఒక్కమారు వెలుగవలెను. వెలుగనిది ఆరోగ్యమునకు గురుతు కాదు. అది మాడిపోయిన బల్బు కావచ్చును. పాతబండిని కొనువారు దీనిని తప్పక చూడవలెను.

రెండవ పాఠము సంఖ్య. మా బండి కాలమున దోషమును చదువుటకు ప్రత్యేక యంత్ర మక్కరలేదు. ఒక చిన్న తీగ ముక్క చాలును. ఇంజను గదిలో ఒక ప్రక్కన మూతగల పెట్టె యున్నది. మూత లోపలివైపున రంధ్రముల పేర్లు అచ్చువేసియున్నవి. వానిలో టి.ఇ.ఎన్. అనుదానిని, జి.ఎన్.డి. అనుదానిని తీగతో కలిపి, ఇంజను నడువకుండ తాళమును మాత్రము త్రిప్పినచో, పలకపై దీపము మినుకుమినుకుమని లెక్క చెప్పును. దీర్ఘమైన మెరపు పదులు, పొట్టి మెరపు ఒకట్లు. పొట్టివి ఎనిమిదియైనచో గాలిని కొలుచు సాధనము. తొమ్మిదియైనచో ఇంజను నీటి వేడిని కొలుచునది. తీగ వేరొక రంధ్రమున పడినచో ఫ్యూజు మాడును గనుక ఈ పని పగటివెలుతురున, తొందరలేక చేయవలెను. ఈ దీపము లేక వచ్చిన మియాటాలును కొన్ని దేశములలో గలవు. వానికి పరీక్షాదీపమును బయటినుండి తగిలించి చదువుదురు.

మా దీపము ఒక దీర్ఘపు మెరపును, అయిదు పొట్టి మెరపులను చూపెను. తమ్ముడు కాగితముపై 15 అని వ్రాసెను. అది ప్రాణవాయు సెన్సరునకు సంబంధించిన అంకె.

ఆ సెన్సరు చేయు పని వినదగినది. పెట్రోలు సంపూర్ణముగ కాలుటకు ఒక పాలు పెట్రోలునకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలెను. కాలిన పొగలో ప్రాణవాయువు మిగిలినదా లేదా యని గొట్టములోనున్న సెన్సరు చూచి, విద్యుత్తు రూపమున తెలుపును. పెట్రోలు ఎక్కువయైనచో ఇంచుమించు 0.9 వోల్టులు, గాలి ఎక్కువయైనచో 0.1 వోల్టు. ఆ మాట విని కంప్యూటరు పెట్రోలును తగ్గించుచు హెచ్చించుచు నుండును. వోల్టులు అదేపనిగా తక్కువగనే నిలిచిన యెడల దీపము వెలుగును.

అయితే అవి ఏల తక్కువగ నిలుచును? సెన్సరు చచ్చి యుండవచ్చును. దాని తీగ తెగి యుండవచ్చును. గాలిని కొలిచిన తరువాతి రబ్బరు గొట్టము చిట్లి, కొలతకు రాని గాలి లోపలికి పోవుచుండవచ్చును. సెన్సరునకు ముందు పొగగొట్టము పగిలి బయటి గాలిని పీల్చుచుండవచ్చును. పెట్రోలు ఒత్తిడి చాలకపోవచ్చును. లేదా ఒక సిలిండరులో నిప్పురవ్వ తప్పి, కాలని గాలి యంతయు పొగగొట్టమున పడుచుండవచ్చును. ఇన్ని కారణములలో క్యాటలిటిక్ కన్వర్టరు ఒకటి కాదు!

మేము ఖర్చులేని పరీక్షనే మొదట చేసితిమి. ఇంజను బాగుగ వేడెక్కిన పిమ్మట సెన్సరు తీగకు వోల్టుమీటరును తగిలించి, తమ్ముని యాక్సిలరేటరును ఒక్కసారిగ త్రొక్కుమంటిమి. ముల్లు 0.8 దాటి లేచి, మరల పడెను. సెన్సరు బ్రతికియే యున్నది. రబ్బరు గొట్టమును వంచి, మడతలలో చూచితిమి, చీలిక లేదు. రాత్రియైన తరువాత గ్యారేజిలో దీపముల నార్పి, తలుపు తెరచియుంచి, నడుచుచున్న ఇంజనుపై నీటిని తుంపరగ చల్లితిమి. మూడవ స్పార్కు ప్లగ్గునకు పోవు తీగనుండి నీలి రవ్వలు ప్రక్కనున్న లోహముపైకి దుముకుచుండెను. ప్లగ్గునకు చేరవలసిన నిప్పు దారిలోనే దొంగిలింపబడుచుండెను. “అన్నయ్యా, దొరికినది!” అని తమ్ముడు కేకవేసెను.

మరునాడు నాలుగు తీగలను, నాలుగు ప్లగ్గులను మార్చితిమి. ఈ బండి బ్యాటరీ వెనుక సామానుపెట్టెలో నుండును. దాని ఋణధ్రువపు తీగను కొంతసేపు ఊడదీసి, కంప్యూటరు జ్ఞాపకమును తుడిచితిమి. తుడుచుటకు ముందే అంకెను, తేదిని పుస్తకమున వ్రాసియుంచితిమి. కారణమును బాగుచేయక అంకెను మాత్రము తుడుచుట, జ్వరమాని పగులగొట్టి జ్వరము పోయినదనుట వంటిది. పది దినములు నడిపినను దీపము మరల వెలుగలేదు. రస్తాలో వెనుకాడుటయు పోయెను. పొగపరీక్షలో బండి నెగ్గినది.

1996 నుండి అమెరికాలో అమ్మిన కార్లన్నిటను ఒకే తీరు పదునారు సూదుల సంధానమును, అయిదక్షరముల సంకేతములును విధిగ నున్నవి. పి 0300 అన్నచో నిప్పు తప్పుట. పి 0171 అన్నచో గాలి హెచ్చుట. అట్టి బండిలో ఇంజను దీపము మినుకుమినుకుమనినచో, నిప్పు తప్పుటచే కన్వర్టరు చెడుచున్నదని భావించి వేగము తగ్గించి ఆగవలెను. మన దేశమున 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజి 6 నియమములు వచ్చిన పిమ్మట క్రొత్త మోటారుసైకిళ్లకును ఇట్టి స్వయంపరీక్షా సాధనము కలిగినది. కావున ఈ భాష మన విద్యార్థులకును ఉపయోగపడగలదు.

అంకెలు పెరిగినను వాని స్వభావము మారలేదు. అవి ఎక్కడ బాధయున్నదో చూపును గాని ఎవనివలన కలిగినదో చెప్పవు. సాక్షిని దోషియని శిక్షించిన తీర్పు ఎట్టిదో, అంకె పేర్కొన్న వస్తువును వెంటనే పారవేయు మరమ్మతు అట్టిది. నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పినది గ్యారేజికిని వర్తించును. తమ్ముడిప్పుడు ప్రతి ఆదివారమును కప్పు మడచి, ఆ బండిని కొండదారులలో నడుపుచున్నాడు. పాత తీగలు నాలుగింటిని పారవేయక గోడకు తగిలించియున్నాడు. దీపము వెలిగినదని ఎవరైన మిత్రులు దిగులుపడి వచ్చినచో, మొదట వానిని చూపి, పిమ్మట వోల్టుమీటరు తీయుచున్నాడు.