కొత్త బంతా? ఆఖరి ఓవరా?

క్రికెట్ ఆడే ప్రతి జట్టులోనూ ఏదో ఒకనాడు ఈ పేచీ రాక తప్పదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు మంచి వేగంతో బంతి వేస్తుంటాడు. వాడి చేతికి కొత్త బంతి ఇవ్వాలా, లేక ఆట ముగించే ఓవర్లకు అట్టిపెట్టాలా? ఈ ఏడు మా కాలేజీ జట్టులోనూ ఇదే చర్చ నడిచింది.

మా వైపు, అంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో, పిల్లలు మొదట పట్టేది టెన్నిస్ బంతి. దానికి కుట్టు ఉండదు. సంక్రాంతి పోటీల్లో కప్పు ఎవరిదో తేల్చేవి చివరి రెండు ఓవర్లే. అందుకే మావాళ్లకు ముందుగా పట్టుబడే విద్య యార్కర్. కోదాడ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా జూనియర్ కూడా అలాంటివాడే. "వీణ్ణి ఆఖరుకే ఉంచుదాం" అన్నారు కొందరు. వాడేమో, "అన్నా, ఒక్కసారి కొత్త బంతి ఇచ్చి చూడుండ్రి" అని బతిమాలాడు.

తోలు బంతి సంగతి వేరు. ఏటవాలుగా పట్టిన కుట్టు ఒక పక్కన గాలి పొరను చెదరగొడుతుంది. చెదిరిన పొర బంతిని ఎక్కువసేపు అంటిపెట్టుకుంటుంది. బంతి కుట్టు చూపిన వైపుకు వంగుతుంది. బంతి అరిగేకొద్దీ ఈ గుణం తగ్గుతుంది. అప్పుడు అక్కరకొచ్చేవి యార్కరు, వేగం తగ్గించి వేసే బంతి, నిబ్బరం. ఇవి రెండు వేర్వేరు విద్యలు.

మన హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్‌నే చూడండి. 2023 ఆసియా కప్ ఫైనల్లో కొత్త బంతితో 21 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. శ్రీలంక 50కే కుప్పకూలింది. అయినా 2025 జనవరిలో చాంపియన్స్ ట్రోఫీ జట్టులో చోటు దక్కలేదు. కొత్త బంతి లేకుంటే అతని ప్రభావం తగ్గుతుందని కెప్టెన్ రోహిత్ శర్మ కారణం చెప్పాడు. అదే ఏడు ఆగస్టు 4న ఓవల్ టెస్టులో, ఎనభై ఓవర్లు దాటిన పాత బంతితో, ఇంగ్లండ్ ఆఖరి వికెట్ పడగొట్టి 6 పరుగుల తేడాతో గెలిపించింది ఆ సిరాజే! ముందు మొదలుపెట్టడం నేర్చినవాడు తర్వాత ముగించడమూ నేర్చాడు.

అమెరికా బేస్‌బాల్‌లోనూ ఈ వాదం పాతదే. అక్కడ ఆట మొదలుపెట్టే పిచర్ వేరు, ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడే పిచర్ వేరు. న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు మరియానో రివేరా 1997 నుంచి ముగించే పనికే అంకితమై, 652 ఆటలు కాపాడి రికార్డు నెలకొల్పాడు. కానీ 1995లో ఆ జట్టులోకి వచ్చినప్పుడు అతను ఆట మొదలుపెట్టిన పిచరే.

నా మటుకు నాకు తోచింది ఇది. మొదటి ఓవర్లో గతి తప్పితే దిద్దుకోవడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. ఆఖరి ఓవర్లో తప్పితే సంచి సర్దుకుని బస్సెక్కడమే! పైగా ఊరంతా "వీడే ఓడగొట్టిండు" అంటుంది. ఆ మాట మోయడానికి పద్దెనిమిదేళ్లు చిన్న వయసు కాదా?

చివరికి వాడి నాలుగు ఓవర్లలో మూడు కొత్త బంతితో, ఒకటి ఆఖర్లో అని రాజీపడ్డాం. మిర్యాలగూడలో ఆడిన తొలి మ్యాచ్‌లో మొదటి ఓవర్లోనే మూడు వైడ్లు పడ్డాయి. సీనియర్లు నా వైపు గుర్రుగా చూశారు. మూడో ఓవర్లో బంతి వంగింది, మధ్య వికెట్టు లేచింది.

సాగర్ ఎడమ కాలువ చివరి భూముల రైతుబిడ్డను. ఆఖరి తడి విలువ నాకు తెలియంది కాదు. గింజ పాలుపోసుకునే వేళ నీరందకపోతే మిగిలేది తాలే. అయితే నాటు సరిగా పడని మడికి ఆఖరి తడి పెట్టి ఏం లాభం? కుర్రాళ్లకు ముందు నాటు వేయడం నేర్పుదాం.