ఫెండర్ వదిలేశాడని అలిగాను!

ముందే ఒక నిజం చెప్పేస్తాను. నేను గిటారిస్టుని కాను. అవుదామనుకుని మధ్యలో ఆగిపోయిన వాణ్ణి. ఇప్పుడంటే సినిమాల మీద నాలుగు ముక్కలు రాసుకుని బతుకుతున్నాను గానీ, ఇరవయ్యేళ్ళప్పుడు "ఏమవుతావురా?" అని ఎవరడిగినా జాన్ మేయర్ని అవుతానని చెప్పేవాణ్ణి. బెజవాడలో బి.కాం. చదువుతూ! నవ్వకండి.

మేయర్ తెలియని వాళ్ళకోసం ఒక్క మాట. అమెరికా వాడు. రాస్తాడు, పాడతాడు, గిటార్ని మాట్లాడిస్తాడు. ఆ రోజుల్లో ఆయన చేతిలో ఎప్పుడు చూసినా ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ వుండేది. 2005లో ఆ కంపెనీ ఆయన పేరుతోనే ఒక మోడల్ని విడుదల చేసింది. 2006లో వచ్చిన "కంటిన్యుయమ్" ఆల్బమ్ నాటి నల్ల గిటార్ బొమ్మ, మా హాస్టల్ గదిలో మన హీరోల పోస్టర్ల పక్కన దర్జాగా వేలాడేది.

అసలు సిసలు ఫెండర్ కొనే తాహతు మనకెక్కడిది? అదే కంపెనీవాళ్ళు చవక రకానికి స్క్వయర్ అని పేరు పెట్టారు. అమ్మ చీటీ పాడి, వచ్చిన డబ్బులో అధికభాగం నా చేతిలో పెట్టింది. గిటార్ ఇంటికొచ్చిన రోజున దానికి బొట్టు కూడా పెట్టింది. ఆ కుంకుమ మరక చాలాకాలం పోలేదు.

అంతా బాగానే వుంది. ఇంతలో 2014లో మేయర్ గారు ఫెండర్‌తో తెగతెంపులు చేసుకున్నారు! 2018 మార్చిలో పి.ఆర్.ఎస్. అనే వేరే కంపెనీ ఆయన పేరుమీద "సిల్వర్ స్కై" అని కొత్త గిటార్ తెచ్చింది. ధర 2,299 డాలర్లు. తీరా చూస్తే అది 1963, 64 నాటి స్ట్రాటోకాస్టర్ల పోలికే! తల మాత్రం వేరే. కుర్రకారు ఎంత గేలి చేశారో చెప్పలేను. నేను గేలి చెయ్యలేదు. అలిగాను. "ఎంత ముట్టిందో!" అనుకున్నాను. ఆ కోపంలో నా స్క్వయర్ని గుడివాడ కుర్రాడొకడికి సగం ధరకి అమ్మేశాను. ఆ డబ్బు దాచి ఎప్పటికైనా సిల్వర్ స్కై కొనాలని. (అలిగినవాడికి అదే కావలసి రావడం చూశారా!) కొనలేదనుకోండి. ఆ డబ్బు గది అద్దెకే సరిపోయింది.

అమ్మకి చెప్పలేదు. అడిగితే "ఫ్రెండు పట్టుకెళ్ళాడు" అన్నాను.

నా ఈ అలకని తీర్చినవారు మా మాస్టారు. పేరు వద్దన్నారు. ముప్పయ్యేళ్ళు పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో వాయించిన మనిషి. మేయర్ సంగతి చెప్పి, "అంతా డబ్బే మాస్టారూ" అన్నాను. ఆయన తన పాత గిటార్ నా మెడలో వేసి, "డబ్బు సంగతి తర్వాత. ముందు నుంచుని వాయించవయ్యా" అన్నారు. అరగంటయ్యేసరికి ఎడం భుజం లాగేసింది. బొటనవేలి మొదట్లో పోటు. "నేను రాత్రి పదింటికి మొదలెడితే రెండింటిదాకా. పెళ్ళికొడుకు మేనమామ అడిగిన పాటలన్నీ అయ్యేదాకా! నాలుగు కిలోలు భుజాన మోసేవాడికి కంపెనీ పేరుతో పనేముంటుంది? మెడ సన్నంగా వుందా లావుగా వుందా, దీపాల వేడికి శ్రుతి జారిపోతుందా నిలుస్తుందా... అదీ లెక్క."

ఆ రోజు నుంచి పెద్దవాళ్ళ కథలన్నీ తిరగేశాను. చదివేకొద్దీ సినిమా కథల్లాగే వున్నాయి.

ఎడ్డీ వాన్ హేలెన్‌ని తీసుకోండి. మైకేల్ జాక్సన్ "బీట్ ఇట్" (1982) విన్నారుగా? మధ్యలో ఒళ్ళు ఝల్లుమనిపించే ఆ గిటార్ ఈయనదే. పైసా పుచ్చుకోకుండా వాయించి వెళ్ళాడు. ఈయన మొదట్లో ఏ కంపెనీకీ చెందలేదు. ఒకచోట చెక్క, ఇంకోచోట మెడ, పాత గిబ్సన్‌లోంచి పికప్ పీకి, అన్నీ కలిపి తనే ఒక గిటార్ కట్టుకున్నాడు. దాన్ని లోకం "ఫ్రాంకెన్‌స్టెయిన్" అంది. అంటే ఏమిటన్నమాట? తనకి కావలసింది ఏ దుకాణంలోనూ లేదు! ఆ తర్వాత ఆయన జీవితమంతా ఆ వెతుకులాటే. 1980లలో క్రేమర్ కంపెనీ. 1991లో మ్యూజిక్ మాన్ వాళ్ళు ఆయన పేరుతో ఒకటి చేశారు. గిటార్ బాగా కుదిరింది గానీ అది చిన్న కర్మాగారం, గిరాకీకి తగినన్ని చెయ్యలేకపోయింది. 1996లో పీవీ కంపెనీకి వెళ్ళి "వోల్ఫ్‌గాంగ్" అనే మోడల్ చేయించాడు. అది ఆయన కొడుకు పేరు! 2004లో పీవీతోనూ చెల్లు. చివరికి ఫెండర్ వాళ్ళ సాయంతో తన పేరులోని మూడక్షరాలతో ఇ.వి.హెచ్. అని సొంత బ్రాండే పెట్టాడు. 2020లో చనిపోయేదాకా అదే.

ఇందులో నాకు నచ్చిన ముక్క వేరే వుంది. ఆయన మ్యూజిక్ మాన్‌ని వదిలాక, ఆ కంపెనీ అదే గిటార్ని "యాక్సిస్" అని పేరు మార్చి అమ్ముకుంది. చెక్క కంపెనీది, పేరు మనిషిది! కొడుకు పేరున్న "వోల్ఫ్‌గాంగ్" మాత్రం తండ్రి వెంటే నడిచొచ్చి ఇ.వి.హెచ్.లో చేరింది.

ఇంకా చిత్రమైంది లెస్ పాల్ గారి కథ. 1952లో గిబ్సన్ వాళ్ళు ఆయన పేరుతో గిటార్ తెచ్చారు. ఆయనా, భార్య మేరీ ఫోర్డూ అప్పటికే పెద్ద తారలు. 1961లో కంపెనీవాళ్ళు ఆ మోడల్ రూపం పూర్తిగా మార్చేసి, పేరు మాత్రం అలాగే వుంచారు. ఆయనకి ఆ కొమ్ముల ఆకారం నచ్చలేదు. అదే సమయంలో భార్యతో విడాకుల గొడవ. కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. 1963 నాటికి గిటార్ మీద ఆయన పేరు పోయి, వుత్త ఎస్.జి. అని మిగిలింది. 1968లో పాత రూపం తిరిగొచ్చింది, పేరూ తిరిగొచ్చింది. మొగుడూ పెళ్ళాల తగాదా వల్ల కూడా గిటార్ పేరు మారుతుందంటే నమ్ముతారా?

సరే, డబ్బు సంగతికొద్దాం. మన హీరో నిన్న ఒక కూల్‌డ్రింక్ తాగి ఇవాళ ఇంకో సీసా పట్టుకుంటే మనమేమీ అనుకోం. అది కోట్ల వ్యవహారం. గిటారిస్టుల ఒప్పందాలు అలా వుండవు. ఎక్కువమందికి చేతికి నగదు రాదు. తక్కువ ధరకో వుచితంగానో గిటార్లు వస్తాయి. వూరుగాని వూళ్ళో గిటార్ విరిగితే కంపెనీ మనిషి ఇంకోటి పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. బదులుగా స్టేజి మీదా ఫోటోల్లోనూ వాళ్ళ గిటారే కనిపించాలి. రికార్డింగు గదిలో ఏం వాయించారో మాత్రం దేవుడికెరుక! సొంత పేరుతో మోడలున్న కొద్దిమందికే అమ్మిన ప్రతి గిటార్ మీదా ఇంత అని వస్తుంది. ఇక ఆ పరుగెత్తుకొచ్చే మనిషి వుద్యోగం మారితే, ఆయన వెంట నలుగురు గిటారిస్టులూ కంపెనీ మారిపోతారు. కంపెనీ చేతులు మారినా అంతే. 1965లో ఫెండర్ని సి.బి.ఎస్. వాళ్ళు కొన్నాక నాణ్యత పడిపోయిందని వాయించేవాళ్ళు ఎంత ఏడ్చారో!

మేయర్ చేరిన ఆ పి.ఆర్.ఎస్. పుట్టుక చూడండి. పాల్ రీడ్ స్మిత్ అనే కుర్రాడు తను చేసిన గిటార్లు మోసుకుని కచేరీ హాళ్ళ వెనక గుమ్మాల దగ్గర కాచుకునేవాడట, "ఒక్కసారి వాయించి చూడండి" అని. అలా దొరికినవాడే కార్లోస్ సంతానా. 1969 వుడ్‌స్టాక్‌లో గిబ్సన్, 1970లలో యమహా, ఆ తర్వాత ఈ కుర్రాడి గిటార్. స్మిత్ సొంత కర్మాగారం పెట్టింది 1985లో. సినిమా ఆఫీసుల చుట్టూ ఫోటోలు పట్టుకు తిరిగిన మనవాళ్ళు గుర్తొచ్చారు నాకు.

ఇవన్నీ చదివాక మేయర్ మీద అలక పోయింది. పోయి ఏం లాభం? గిటార్ గుడివాడలో వుంది.

మొన్న ఆ కుర్రాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. వాడిప్పుడు కుర్రాడు కాదు, చర్చిలోనూ పెళ్ళిళ్ళలోనూ వాయిస్తున్నాడు. "తమ్ముడూ, ఎంతకిస్తావు?" అన్నాను. "ఇవ్వనన్నా. చెయ్యి అలవాటు పడిపోయింది" అన్నాడు. గిటార్ తల మీద కంపెనీ పేరు కనిపించకుండా తన అభిమాన హీరో స్టిక్కర్ అంటించుకున్నాడు. ఏ హీరోదో చెప్పను. మీరంతా నా మీద పడతారు.

ఒక పాట వాయించమని, ఫోన్లో రికార్డు చేసుకుని వచ్చాను. రాత్రి అమ్మకి జరిగిందంతా చెప్పి అది వినిపించాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. రెండోసారి పెట్టమంది. విని, "నీకంటే వీడే నయంరా" అంది.