కడియపు తోటలలో తులసి

రాజమహేంద్రవరమునకు దక్షిణమున, 1852 సంవత్సరమున కాటనుదొర యానకట్ట ముగించిన ధవళేశ్వరము దాటి కాలువవెంట పోయినచో కడియము, దాని చెంతనే కడియపులంక కలవు. అచట వరిచేలకంటె మొక్కల తోటలే ముందుగా కన్నులబడును. క్షీరాబ్ది ద్వాదశికి నాలుగు దినములు ముందు మా అత్తగారును నేనును అచటికి పోయితిమి. గులాబీలకొరకు కాదు, ఒక్క తులసి మొక్కకొరకు.

ఇంత దూరమేల యని సోదరీమణులు నవ్వవచ్చును. మా కోటలోని పాత తులసి యెండిపోయిన పిదప, వీథిలో నమ్మవచ్చిన మొక్కను నేనే కొని నాటితిని. ఏడాది పొడవునను దానికే దీపము పెట్టితిని. పిల్లవానికి దగ్గు వచ్చినపుడెల్ల దాని యాకురసమునే తేనెతో నిచ్చితిని. వేసవిలో మా అత్తగారు వచ్చి, ఒక యాకు నలిపి వాసన చూచి, "అమ్మాయీ, ఇది కుక్కతులసి కదా!" యనిరి. చేటు కలుగలేదు గాని నా సిగ్గు చెప్పనలవి కాదు.

తోటలో పనిచేయు నొక ముదుసలి మొక్కలను వరుసగా పెట్టి చూపినది. లక్ష్మీతులసికి కాడయు నాకును లేతపచ్చన, కృష్ణతులసికి ఊదానలుపు. జాతి యొక్కటే, రంగే వేరు. నీడను పెరిగిన కృష్ణతులసియు పచ్చబారును గాన రంగునే నమ్మరాదట. "కాడ తడిమి చూడండమ్మా" యన్నది. తులసికాడపై సన్నని నూగుండును, పూవు ఊదాచాయ, ఆకు నలిపినచో లవంగపు ఘాటు. లవంగములలోని యూజినాలు దీనియందును కలదు.

రుద్రజడ యాకు వెడల్పు, నున్నన, పూవు తెలుపు, వాసన తీపి. సబ్జాగింజలు దీనివే. నీట నానిన గింజచుట్టును తెల్లని జిగురు పొర యేర్పడును. వేసవిలో షర్బత్తునందు చలువకై వేయుదురు. పొడిగింజలు పసివారికిచ్చినచో గొంతున నడ్డుపడును, జాగ్రత్త. కుక్కతులసి దీని దాయాదియే. ఆకు మాత్రము చిన్నది. కర్పూరతులసి ఆఫ్రికానుండి వచ్చిన పొద. పేరే దాని వాసన చెప్పును.

పేళ్లతోనే చిక్కు. రామతులసి యనగా కొందరికి తెల్లతులసి, కొందరికి నిలువెత్తు పెరుగు పెద్దాకుల పొద. కావున కషాయము చెప్పినవారిని మొక్క చూపుమని యడుగుట మేలు. తులసి, అల్లము, మిరియముల కషాయము గొంతునకు హాయి నిచ్చును. జ్వరము నిలిచినచో వైద్యుని పిలువవలసినదే. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు.

లక్ష్మీతులసి నొకటి, కృష్ణతులసి నొకటి కొంటిమి. కొనుటకు ముందు మా అత్తగారు ప్రతిమొక్కకును ఒక యాకు నలిపి చూచిరి; ముదుసలి నవ్వుకొన్నది. ఇంటికి వచ్చి పాతదానిని పెరికివేయబోగా ఆమె వారించి, "దీపము పెట్టిన మొక్క, ఉండనిమ్ము" అనిరి. ఇపుడది నూతిగట్టుకడ నున్నది. ఉదయమున దాని తెల్లని పూవులచుట్టును తేనెటీగలు మూగుచున్నవి.