అనుకరణము

అనుకరణమన్న నాకు మొదటినుండియు ఏవగింపు. వ్యాసము వ్రాయుమన్నచో గైడుపుస్తకమునుండి ఎత్తి వ్రాసిన బాలునకు సున్న వేయుట నా వ్రతము. కావున 2024వ సంవత్సరపు వేసవి సెలవులలో ఇంగ్లండునందున్న నా మేనల్లుని యింటికి బోయి, వాడు పెరటి షెడ్డులో నకలు కారొకటి కట్టుచుండుట చూచి, “ఇంత చదివి తుదకు నకలు చేయుటయా?” అని పరిహసించితిని. వాడు నవ్వలేదు. “మామయ్యా, మీరొక్క వారము నాతో పనిచేసి, ఆ పిమ్మట అనండి” అనెను.

ఆ కారునకు మూలము లోటస్ సెవెన్. దానిని కాలిన్ చాప్‌మన్ అను ఇంజనీరు 1957లో వెలువరించెను. ఇద్దరు మాత్రమే కూర్చుండదగినది; బరువు ఇంచుమించు 500 కిలోలు. ఆ దినములలో బ్రిటనునందు పూర్తియైన కారుపై కొనుగోలు పన్ను కలదు. విడిభాగములుగ నమ్మినదానిపై లేదు. అందుచే అనేకులు భాగములను దెచ్చుకొని యింటనే కూర్చుకొనిరి. 1973లో పన్నుల పద్ధతి మారినది. ఆ యేడే ఆ కారును చేయు హక్కు కేటర్‌హామ్ సంస్థకు సంక్రమించినది. అయినను ఇంట కట్టుకొను అలవాటు చావలేదు. 1996లో రాన్ చాంపియన్ అను నాతడు 250 పౌన్లతో స్పోర్ట్స్ కారు కట్టు విధమును దెలుపుచు ఒక పుస్తకమును ప్రకటించెను. అంగుళము వెడల్పుగల నలుచదరపు ఉక్కు గొట్టములను గోసి, వెల్డింగు చేసి చట్రము కట్టి, పాత ఫోర్డు ఎస్కార్టు కారునుండి ఇంజను, గేరుబాక్సు మున్నగువానిని దీసి యందమర్చుట అందలి పద్ధతి.

అయితే 1980లో ఎస్కార్టు ముందు చక్రములను నడుపు కారుగా మారిపోయెను. వెనుక చక్రములను నడుపు పాతవి నేడు అరుదు, ప్రియము. అందుచే నా మేనల్లుడు, గుద్దుకొని నుజ్జయిన మాజ్డా ఎమ్ఎక్స్-5 కారునొకదానిని గొని, దాని 1.6 లీటర్ల ఇంజనును ఈ చట్రమున నిలుపబూనెను. పరకాయప్రవేశమును కథలలో జదివితిని గాని, అది యెంత కష్టమో అప్పుడు తెలిసినది. ఇంజను అడుగునందలి నూనె చాంబరు చట్రముకంటె క్రిందికి వ్రేలాడెను. గతుకునకు దగిలిన పగులును. దానిని గోసి లోతు తగ్గింపగా, నూనెను బీల్చు గొట్టమును గూడ పొట్టి చేయవలసివచ్చెను. చట్రమునకు ఇంజనును బిగించు ఆధారములను క్రొత్తగా జేయవలసెను. వెనుకకు శక్తిని గొనిపోవు షాఫ్టు పొడవును మార్చి, కంపింపకుండ తూకము సరిచూపింపవలసెను. ఒక్కటి మార్చిన పది మారవలసినదే.

అన్నియు బిగించినను ఇంజను పలుకలేదు. పెట్రోలు పంపు నడుచుచున్నది, స్టార్టరు త్రిప్పుచున్నది, నిప్పురవ్వ మాత్రము లేదు. మూడు సాయంకాలములు గడచినవి. నాల్గవనాడు వైరింగు పటమును నా చేతికిచ్చి చదువుమనెను. శ్లోకమునకు అన్వయము చెప్పినట్లు నేనొక్కొక్క తీగ రంగును, అది చేరవలసిన చోటును జదువుచుండగా, వాడు మీటరుతో పరీక్షించుచుండెను. తుదకు ఎర్తు తీగను రంగు పూసిన లోహముమీద బిగించినట్లు తేలినది. రంగును గీకి మరల బిగింపగా ఇంజను గర్జించెను.

చేతులు తుడుచుకొనుచు వాడు మెల్లగా ననెను: “ఆనాడు మీ రేడియోలోనూ తీగే ఊడింది, మామయ్యా. బిగిస్తూ ఉండగా మీరు వచ్చారు.”

నేను మరచితిని, వాడు మరువలేదు. వాని పదవయేట నా రేడియోను విప్పినందుకు వాని చెంపపై గొట్టి, “కూలివాడవగుదువా?” అంటిని. ఏల విప్పితివని అడుగనైన లేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము, తయారీదారు నిర్ణయించిన రూపమును యజమాని తనంత మార్చుటకు సమ్మతింపదు. కావున ఇట్టి కార్లను మనవారు కట్టవలెనని నేను చెప్పను. బ్రిటనునందును అది యథేచ్ఛ కాదు. ప్రభుత్వ పరీక్షకులు బ్రేకులను, దీపములను, పొగను, తుదకు బయటి అంచుల పదునును సైతము పరిశీలించి సమ్మతించిననే కారు రోడ్డెక్కును. నా మేనల్లుని కారు మొదటి పరీక్షలో తప్పినది. ఒక బోల్టు తల పదునుగా నున్నదని కాగితముపై వ్రాసియిచ్చిరి. వాడు దానికి తొడుగు వేసి మరల చూపగా అంగీకరించిరి. ఆ కాగితమును జూచినప్పుడు నా సున్నలు జ్ఞప్తికి వచ్చినవి. ఏది తప్పో, ఎట్లు దిద్దుకొనవలెనో నా సున్న యెవ్వరికిని జెప్పలేదు.

అనుకరణము రెండు విధములు. కంటినుండి చేతికి మాత్రమే పోవునది యొకటి. బుద్ధికి దానితో పనిలేదు. మూలమును విప్పి, ఏ భాగమేల అచ్చటనున్నదో తెలిసికొనుచు చేయునది రెండవది. క్రొత్త ఇంజను పెట్టినవాడు మొదటి విధమున నొక్క అడుగైన వేయలేడు.

తిరిగి వచ్చినపిమ్మట నకలు వ్రాసినవానికి సున్న వేయుట మానితిని. వ్యాసపు నడకను అట్లేయుంచి, విషయమును మార్చి వ్రాయుమనుచున్నాను. ఒక బాలుడు గైడులోని గోదావరి వ్యాసమును దెచ్చెను. దానిని వాని యూరి చెరువునకు మార్చుమంటిని. మూడవనాడు వాడు వచ్చి, “మాస్టారూ, ఈ వాక్యం మా చెరువుకు పట్టడం లేదండీ, ఎందుకని?” అని యడిగెను. ఇరువదియేండ్ల యుద్యోగములో గైడుపుస్తకమునుగూర్చి నన్ను ప్రశ్న యడిగిన మొదటివాడు వాడే.