50 పాయింట్లు, 30 వేల డాలర్లు

"అక్కా, జాబ్ ఆఫర్ ఉంటే కెనడా పీఆర్ వచ్చేస్తుందంట కదా?"

ఈ ప్రశ్న నాకు వారానికి ఒకసారైనా వస్తుంది. కాలేజీ జూనియర్లు అడుగుతారు, తణుకులో మా ఎదురింటి అబ్బాయి అడుగుతాడు, పెళ్లిలో ఒక్కసారి పలకరించిన దూరపు చుట్టాలూ అడుగుతారు. ఒక్కోసారి ప్రశ్నతో పాటు ఒక పీడీఎఫ్ కూడా వస్తుంది. ఏదో కంపెనీ లెటర్‌హెడ్, కింద సంతకం, నెలకి ఇంత జీతం అని ఒక లైను. "ఇది ఒరిజినలేనా అక్కా? ఆరు లక్షలు అడుగుతున్నారు."

నేను ఒంటారియోలో ఉంటున్నాను. రెండేళ్ల డిప్లొమా చేశాను, మూడేళ్ల వర్క్ పర్మిట్ వచ్చింది. ఒక చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. పర్మిట్ వచ్చే ఆగస్టుతో అయిపోతుంది. పీఆర్ ఇంకా రాలేదు. కాబట్టి ఇది గెలిచినవాళ్లు చెప్పే కథ కాదు, ఇంకా లైన్లో నిలబడ్డ మనిషి చెప్పే మాట.

ముందు లెక్క అర్థం చేసుకోండి. స్కిల్డ్ వర్కర్‌గా పీఆర్‌కి వెళ్లే ప్రధాన దారి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ. వయసు, చదువు, ఇంగ్లిష్, అనుభవం అన్నిటికీ కలిపి 1200కి పాయింట్లు వేస్తారు. ఎక్కువున్నవాళ్లని ముందు పిలుస్తారు. 2015 జనవరిలో ఇది మొదలైనప్పుడు, ప్రభుత్వ ఆమోదం ఉన్న జాబ్ ఆఫర్‌కి ఏకంగా 600 పాయింట్లు. అంటే ఆఫర్ ఉంటే పిలుపు ఖాయం. మన ఊళ్లలో ఇప్పటికీ తిరుగుతున్న "ఆఫర్ ఉంటే పీఆర్" అనే మాట ఆ రోజులదే. 2016 నవంబరులో ఆ 600ని చాలా ఉద్యోగాలకి 50 చేశారు, పెద్ద మేనేజ్‌మెంట్ పోస్టులకి మాత్రం 200. 2025 మార్చి 25 నుంచి రెండూ తీసేశారు. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ర్యాంకింగ్‌లో జాబ్ ఆఫర్‌కి వచ్చే పాయింట్లు సున్నా.

ఆ సున్నాకి కొన్ని నెలల ముందు, అంటే 2024 చివర్లో, నా స్కోరు 489. ఇక్కడ పనిచేసిన అనుభవం ఉన్నవాళ్ల డ్రాల్లో కట్-ఆఫ్ 530 దాటింది. ఇంకో 50 ఉంటే 539. ఆ 50 ఎక్కడ దొరుకుతాయో చెప్పడానికి ఒకాయన వచ్చాడు. మనవాడే. తెలుగు అసోసియేషన్ ఫంక్షన్లో పరిచయం.

"ఒక రెస్టారెంట్ ఉందమ్మా. సూపర్‌వైజర్ పోస్టుకి ఎల్ఎంఐఏ తీయిస్తాను. 30 వేల డాలర్లు. సగం ముందు, సగం పేపర్ వచ్చాక."

"నాకు వంట రాదండీ. నేను అకౌంట్స్ చూస్తాను."

"పని ఎవరు చెయ్యమన్నారు? జీతం నీ బ్యాంకులో పడుతుంది. నువ్వు క్యాష్‌గా తిరిగి ఇచ్చెయ్యాలి. ట్యాక్స్ నువ్వే కట్టుకోవాలి. అంతే."

లెక్కలు రాసేదాన్ని కదా, చెయ్యి దానంతటదే లెక్క వేసేసింది. 50 పాయింట్లకి 30 వేలు. ఒక్కో పాయింటు 600 డాలర్లు, మన డబ్బుల్లో సుమారు 36 వేలు. మొత్తం 18 లక్షలు. దానికి తోడు చెయ్యని ఉద్యోగానికి రాని జీతం మీద ట్యాక్స్.

ఆ రాత్రి మా నాన్నకి చెప్పాను. ఆయన రైస్ మిల్లులో గుమస్తా. ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "కాలవ గట్టు పక్క 40 సెంట్లు ఎలాగూ నీకు పసుపు కుంకుమ కింద రాసిచ్చేదే కదమ్మా. ఇప్పుడే అమ్మేద్దాం. బేరం కూడా ఉంది."

నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ఆ పొలంలో నాన్న అప్పులన్నీ తట్టుకుని మిగిల్చిన మట్టి ఉంది. "వద్దు నాన్నా," అన్నాను. "భయపడుతున్నావా?" అన్నారు. "భయం కాదు. ఆ కాగితంలో ఉద్యోగం లేదు. లేని ఉద్యోగానికి పొలం ఎందుకు అమ్మాలి?" అన్నాను. ఆయనకి కోపం రాలేదు కానీ, పిల్ల చేతికి అందిన దారిని వదిలేస్తోందన్న బెంగ మాత్రం చాలా రోజులు ఆయన గొంతులో వినపడేది.

అసలు ఆఫర్ అంటే ఏమిటో చూద్దామని మా ఆఫీసు ఓనరునే అడిగాను. ఆయన మంచివాడు. కూర్చోబెట్టి నాతోనే రూల్స్ చదివించాడు. ఆఫర్ రాతపూర్వకంగా ఉండాలి. జీతం, చేసే పని, గంటలు స్పష్టంగా రాయాలి. ఫుల్‌టైమ్, అంటే వారానికి కనీసం 30 గంటలు. సీజన్ పని కాకూడదు. పీఆర్ వచ్చాక కనీసం ఏడాది ఉండే ఉద్యోగం కావాలి. పని స్థాయి టీర్ 0 నుంచి 3 లోపల ఉండాలి, గోదాములో పెట్టెలు మోసే పని లెక్కలోకి రాదు. నాలాంటి ఓపెన్ పర్మిట్ వాళ్లకి ఇవన్నీ ఉన్నా చాలదు, పైన ఎల్ఎంఐఏ ఉండాలి. దానికోసం యజమాని కనీసం నాలుగు వారాలు ప్రకటనలు వేసి, ఇక్కడివాళ్లెవరూ దొరకలేదని చూపించాలి. మామూలుగా అప్లికేషన్‌కి 1000 డాలర్ల ఫీజు. అది యజమానే కట్టాలి, వర్కర్ దగ్గర వసూలు చెయ్యడం చట్టవిరుద్ధం.

చదివి ఓనరు నిట్టూర్చాడు. "నీ పని నాకు నచ్చింది. కానీ ఇద్దరున్న ఆఫీసు ఇది. ఇంత కాగితం పని, తర్వాత తనిఖీలు... నా వల్ల కాదు." నాకు బాధేసింది, కానీ ఆ మాటకి ఆయన మీద గౌరవం తగ్గలేదు. అసలు ఆఫర్ ఇవ్వడం ఎంత కష్టమో తెలిశాకే, అది అంత తేలిగ్గా అమ్మకానికి ఎలా దొరుకుతుందో అనుమానం బలపడింది.

మా రూమ్మేట్ నిజామాబాద్ అమ్మాయి. ఆమె దారి వేరు. ఇంకొక చోట ఇంకొక మనిషికి 12 వేల డాలర్లు అడ్వాన్స్ ఇచ్చింది. 2024 డిసెంబరులో అప్పటి ఇమిగ్రేషన్ మంత్రి మార్క్ మిల్లర్, మోసాలు తగ్గించడానికి ఆఫర్ పాయింట్లు తీసేస్తామని ప్రకటించారు. మార్చిలో తీసేశారు. ఆమె పేపర్ అప్పటికింకా రాలేదు. డబ్బు అడిగితే, "ఎల్ఎంఐఏ వస్తే పర్మిట్ పొడిగించుకోవచ్చు కదా, ఆగు" అన్నారు. నిజమే, ఎల్ఎంఐఏతో ఆ ఒక్క యజమాని దగ్గరే పనిచేసే పర్మిట్ వస్తుంది. అంటే ముందు డబ్బులకి కట్టేసినవాడే తర్వాత మెడకి తాడు కూడా కట్టుకోవచ్చు. ఫిర్యాదు చేద్దామంటే తను కూడా ఇరుక్కుంటానని ఆమె భయం. రాత్రి పూట వంటగదిలో లైటు వేసుకోకుండా కూర్చునేది. "ఇంట్లో ఇంకా చెప్పలేదే. బాపు అప్పు తెచ్చిండు," అనేది. నేనేమీ అనలేకపోయేదాన్ని. టీ పెట్టి పక్కన కూర్చునేదాన్ని.

ఆమెని తెలివి తక్కువది అనకండి. పర్మిట్ మీద తేదీ దగ్గరపడుతుంటే మనిషి బుర్ర వేరేగా పనిచేస్తుంది. ఆ తేదీనే వాళ్లు అమ్ముకుంటారు.

మరి జాబ్ ఆఫర్ ఇప్పుడు పనికిరాదా అంటే, అలా కాదు. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ కేటగిరీలో అర్హతకి 100కి 67 రావాలి, అందులో సరైన ఆఫర్‌కి ఇప్పటికీ 10 మార్కులు ఉన్నాయి. ఎలక్ట్రీషియన్, వెల్డర్ లాంటి పనులవాళ్ల స్కిల్డ్ ట్రేడ్స్ కేటగిరీలో ఏడాది ఫుల్‌టైమ్ ఆఫర్ గానీ, అక్కడి ట్రేడ్ సర్టిఫికెట్ గానీ ఉండాల్సిందే. అట్లాంటిక్ ప్రావిన్సుల ప్రోగ్రాముకి ప్రభుత్వం గుర్తించిన యజమాని ఇచ్చే ఆఫర్ తప్పనిసరి. బ్రిటిష్ కొలంబియా స్కిల్డ్ వర్కర్ దారిలోనూ అంతే. ప్రావిన్స్ నామినేట్ చేస్తే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 600 పాయింట్లు ఇప్పటికీ ఉన్నాయి. కెనడాలో పనిచేసే అనుమతి ఉండి, సరైన ఆఫర్ కూడా ఉంటే, ఒక్కరికి సుమారు 15 వేల డాలర్లు బ్యాంకులో చూపించే షరతు నుంచి మినహాయింపు దొరుకుతుంది. కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లో, అంటే నా దారిలో, అసలు ఆఫరే అడగరు.

అంటే ఏ దారికి ఆఫర్ కావాలో, ఏ దారికి అక్కర్లేదో ముందు తెలుసుకోవాలి. "ఆఫర్ ఇప్పిస్తాను" అన్న మనిషిని "ఏ ప్రోగ్రాముకి అన్నా? ఎల్ఎంఐఏ ఎవరు కడతారు?" అని రెండు ప్రశ్నలు అడిగి చూడండి. చాలామంది అక్కడే మాట మారుస్తారు. డబ్బు తీసుకుని ఇమిగ్రేషన్ సలహా ఇచ్చేవాళ్లు లాయరో, లైసెన్సున్న కన్సల్టెంటో అయ్యుండాలి. కన్సల్టెంట్ల పేర్లు కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ రిజిస్టర్లో ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు. మన దేశంలో విదేశీ ఉద్యోగాలు ఇప్పించే ఏజెంట్లకి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, అది ఈ-మైగ్రేట్ పోర్టల్లో కనిపిస్తుంది. దొంగ ఆఫర్ పెట్టి దొరికితే అప్లికేషన్ పోవడమే కాదు, ఐదేళ్లు కెనడా తలుపు మూసేస్తారు. ఆ శిక్ష పడేది ఏజెంటుకి కాదు, సంతకం పెట్టిన మనకి.

ఇక నా 50 పాయింట్లు. అవి ఇంకొక చోట కూడా ఉన్నాయని ఆ రూల్స్ చదువుతుంటేనే కనిపించింది. ఫ్రెంచ్‌లో నాలుగు విభాగాల్లోనూ లెవెల్ 7 తెచ్చుకుని, ఇంగ్లిష్ కూడా సరిపడా ఉంటే, అదనంగా 50 పాయింట్లు ఇస్తారు. రెండో భాష పాయింట్లు వేరు. ఫ్రెంచ్ వాళ్లకి ప్రత్యేకంగా డ్రాలు కూడా తీస్తున్నారు, వాటి కట్-ఆఫ్ మామూలు డ్రాల కంటే బాగా తక్కువ.

ఏడాదిగా పొద్దున్న 5కి లేచి ఫ్రెంచ్ చదువుతున్నాను. చదవడం, వినడం లెవెల్ 7 దాటాయి. రాయడం 6, మాట్లాడటం 5 దగ్గర ఆగాయి. "ర" అక్షరం గొంతులోంచి పలకమంటారు, నాకు గోదావరి "ర" తప్ప రావట్లేదు. మళ్లీ ఫిబ్రవరిలో పరీక్ష. రాకపోతే ఆగస్టులో సర్దుకుని తణుకు వెళ్లాల్సి రావచ్చు. ఆ మాట మా నాన్నకి కూడా చెప్పాను.

"వస్తే రా తల్లీ," అన్నారు. "పొలం ఉంది కదా."