వరుసలోని బలము

ఒక్క రోటియొద్ద ముగ్గురు స్త్రీలు నిలిచి వడ్లు దంచుచుండగా చూచినవారికి ఒక సంగతి తెలియును. ఒకతె రోకలి దిగునప్పుడు వేరొకతె రోకలి లేచుచుండును. పోటునకు పోటునకు నడిమి ఎడము సమానముగా నుండును. ముగ్గురును ఒక్కసారి వేసిరా, రోకళ్లు ఢీకొనును, రోలు కదలును, చేతులు నొచ్చును. బలము తగ్గలేదు, వరుస మాత్రమే తప్పినది. మనలను మోసికొని పోవు మోటారుబండ్ల ఇంజనులందును ఇదియే ధర్మము.

జర్మనీ దేశస్థుడగు నికొలాస్ ఆటో 1876లో నిర్మించిన నాలుగు దశల ఇంజను నేటి పెట్రోలు బండ్ల ఇంజనులకు మూలము. అందు పిస్టను మొదట ఇంధనవాయువును పీల్చును. పిదప దానిని నొక్కును. మూడవ దశలో పేలుడు పిస్టనును త్రోయును. నాలుగవ దశలో పొగ వెడలిపోవును. ఈ నాలుగును ముగియుటకు క్రాంకుషాఫ్టు రెండు చుట్లు, అనగా 720 డిగ్రీలు తిరుగవలెను. బలమిచ్చు దశ ఒక్కటియే. పొలములకు నీరు తోడు ఒంటి సిలిండరు ఆయిలింజను నిమిషమునకు 650 చుట్లు తిరిగినచో, అందలి పేలుళ్లు 325 మాత్రమే. తక్కిన కాలము అది తన బరువైన చక్రములు దాచియుంచిన వేగముతో నెట్టుకొని వచ్చును.

సిలిండర్లు నాలుగైనచో 720ని నాలుగింట భాగింపగా 180 వచ్చును. అనగా అరచుట్టున కొక పేలుడు. సామాన్యముగా ఇట్టి ఇంజనులో 1, 4 పిస్టనులు కలిసి లేచునప్పుడు 2, 3 పిస్టనులు కలిసి దిగును. లేచు బరువునకు దిగు బరువు చాలవరకు సరితూగును. అట్లయిన 1, 2, 3, 4 అని వరుసగా ఏల పేల్చరాదు? 2, 3 పిస్టనులు ఒక్కసారియే పైకి చేరును గదా! రెండవదాని పిమ్మట అరచుట్టులో మూడవదాని వంతు రాజాలదు. అందుచేతనే 1, 3, 4, 2 అనియో, 1, 2, 4, 3 అనియో వరుస నేర్పరచిరి.

నా శిష్యు డొకడు బండ్లు బాగుచేయు షెడ్డు పెట్టుకొనెను. ఉద్యోగము విరమించిన పిదప నేను సాయంకాలములందు అచ్చట కొంతసేపు కూర్చుండుట వాడుక. ఒకనా డొక పాత పెట్రోలు జీపు ఊగుచు, దగ్గుచు వచ్చెను. దారిలో ఎవరో ప్లగ్గులు తుడిచి తీగలు మరల తగిలించిరట. "నడుచుచునే యున్నది; సంత ముగిసిన తరువాత చూచుకొందును" అని డ్రైవరు తొందరపడెను. శిష్యుడు మూత యెత్తి చూచి, తారుమారైన రెండవ, మూడవ తీగలను సరిచేసి, ఇంజను నడిపించెను. అది నిమ్మళముగా తిరిగెను. అంతటితో విడువక అతడు బండిక్రిందికి దూరి, గేర్‌బాక్సునుండి వెనుక చక్రములకు బలము నందించు షాఫ్టును కదలించి చూచెను. ఒక కీలు వదులైయుండెను.

"మాస్టారూ! నాలుగింటిలో రెండు పని మానినవి. అరచుట్టునకు పడవలసిన తోపు చుట్టున కొకసారి పడినది. ఈ కీలు ఎప్పుడు అరిగినదో చెప్పలేను గాని, ఇట్టి కుదుపు దీనికి మేలు చేయదు. సంతకు పోవు జనము ఈ బండినే నమ్ముకొని యున్నారు" అనెను. డ్రైవరు మారుపలుకక బండిని ఆ రాత్రికి అచ్చటనే యుంచెను.

అతని మాట యథార్థము. తోపు పడినప్పుడు గేర్ల పండ్లు ఒకదాని నొకటి ఒత్తుకొనును. తోపు ఆగినప్పుడు సడలును. ఎడము పెరిగినకొలది ఈ తాకిడి హెచ్చును. క్లచ్చుపళ్లెములో చిన్న స్ప్రింగు లమర్చుట దీనిని మెత్తపరచుటకే. పెద్ద లారీల ఆరు సిలిండర్ల ఇంజనులలో తరచుగా కానవచ్చు వరుస 1, 5, 3, 6, 2, 4. దీనిని పరికింపుడు. ముందు మూడింటిలో నొకటి, వెనుక మూడింటిలో నొకటి వంతులవారీగా పేలును. ఇరుగుపొరుగు సిలిండర్లు వెంటవెంట పేలవు. అందుచే రెండు దెబ్బలు వరుసగా ఒక్కచోటనే పడవు.

అయినను వరుస కుదిరినంత మాత్రమున తూకము కుదురదు. 1983లో వెలువడిన మారుతి 800 కారునకు 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజను. అందు 240 డిగ్రీల కొక పేలుడు; ఎడములన్నియు సమానమే. కాని ముందు పిస్టను, వెనుక పిస్టను జతగా కదలవు గనుక, మూడు సిలిండర్ల ఇంజను ముందునకు వెనుకకు ఉయ్యాలవలె ఊగజూచును. దానిక్రింద నుంచిన రబ్బరు దిమ్మలు ఆ యూపును చాలవరకు మ్రింగును.

బాలలారా! ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ అను గణములు వరుసగా రావలెనని మీరు చదివితిరి. ఆ గణములనే తారుమారు చేసినచో అక్షరసంఖ్య తగ్గదు. పద్యము మాత్రము నడవదు. ఇంజను అంతకంటె మోసకారి. వరుస తప్పినను అది కొంతదూరము నడచును. నడచుచున్నది గదా యని కుదుపును ఉపేక్షింపరాదు. దాని భారమును మన కంటికి కానరాని కీలొకటి మోయుచుండును.