ఎండాకాలంలో నిదానమే ప్రధానం

ఈసారి వడదెబ్బ గురించి రాస్తున్నాను. ఇందులో నేను చేసిన పొరపాటు కూడా ఉంది. వైద్యుడినై ఉండి చేశాను కనుక దాచకుండా చెబుతున్నాను.

మూడేళ్ల క్రితం, మార్చి నెలాఖరులో మా అన్నయ్య కెనడా నుంచి కార్వాన్‌లోని మా ఇంటికి వచ్చారు. ఆరు నెలలు ఉండాలని సంకల్పం. అప్పటికి ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. మంచు ఇంకా కరగని ఊరిలో విమానం ఎక్కి, ముప్పై ఎనిమిది డిగ్రీల ఎండలో దిగారు. నాలుగో రోజు పదకొండు గంటలకు చెప్పులు వేసుకుంటుంటే వద్దన్నాను.

"ఏరా డాక్టరూ, ఇంట్లో కూర్చోవడానికేనా నేనింత దూరం వచ్చింది? పుట్టి పెరిగిన ఊరి ఎండ నన్నేం చేస్తుందిరా!" అని నవ్వి, పురానాపూల్ వైపు నడుస్తూ వెళ్లిపోయారు.

ఒంటిగంటన్నరకు తిరిగి వచ్చి అరుగు మీద కూలబడ్డారు. ఒళ్లంతా చెమట, పిక్కల్లో నొప్పులు, వాంతి వచ్చేలా ఉందన్నారు. స్పృహ ఉంది, మాట తడబడలేదు. రక్తపోటు మాత్రం తొంభైకి పడిపోయింది. నీడలో పడుకోబెట్టి, కాళ్లు ఎత్తుగా ఉంచి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ అప్పుడు అడిగాను: "అన్నయ్యా, నువ్వు ఏ మాత్రలు వాడుతున్నావు?"

రక్తపోటుకు వాడుతున్న వాటిలో ఒకటి మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర. చలి దేశంలో ఆయనకు మేలు చేసిన ఆ మాత్రే, ఇక్కడ చెమటతో పోతున్న నీటికీ ఉప్పుకీ తోడై ఆయనను పడగొట్టింది. మూడు దశాబ్దాలకు పైగా ప్రతి రోగినీ నేను మొదట అడిగిన ప్రశ్న అది. సొంత అన్నను నాలుగు రోజులపాటు అడగలేదు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, మందు మార్చి, సాయంత్రానికి పంపించారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఒక విషయం గ్రహించాలి. ఎండకు అలవాటుపడటం శరీరం చేసే ఒక పని. దానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది, రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది. పుట్టిన ఊరే అయినా, ముప్పై ఎనిమిదేళ్లు దూరంగా ఉన్న శరీరం మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసిందే. పైగా వయసు మీదపడిన కొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది.

ఆ తర్వాత మా దినచర్య మారింది. తెల్లవారుజామున అయిదింటికి లేచి తోలి మసీదు వరకు నడిచేవాళ్లం. 1671లో మూసాఖాన్ కట్టించిన మసీదు అది. ఒకప్పుడు వర్తకుల బిడారులు విడిసిన చోటు కనుకనే మన పేటకు కార్వాన్ అని పేరు. గోల్కొండ వజ్రాల కోసం ఎక్కడెక్కడివాళ్లో ఈ ప్రాంతానికి వచ్చేవారు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ కాలంవాడే. ఆ మాటలు చెప్పుకుంటూ ఏడు లోపల ఇల్లు చేరేవాళ్లం. రాగి అంబలి, పత్రిక, పది లోపల బజారు పని. ఆపై కిటికీలకు తడి పరదాలు, కుండనీళ్లు, పలుచని మజ్జిగ, భోజనం తర్వాత అరగంట కునుకు. పొద్దు వాలాక డాబా మీద నీళ్లు చల్లి కూర్చునేవాళ్లం. మొదట్లో "రోజంతా వృథా అవుతోందిరా" అని విసుక్కున్న మనిషి, నెల తిరిగేసరికి గడియారం చూడటం మానేశారు.

ఒక మధ్యాహ్నం కిటికీలోంచి తోపుడు బండివాణ్ణి చూస్తూ అన్నారు: "మన నిదానం మన పింఛన్లు ఇచ్చిందిరా. అతనికి ఎవరిస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. మర్నాడు మా గుమ్మం ముందు చలివేంద్రం పెట్టారు. రెండు కుండలు, ఒక బల్ల, పైన తడిక. ఆయన తిరిగి వెళ్లిపోయినా ప్రతి వేసవిలో అది కొనసాగుతోంది.

మీకు నా మనవి ఇది. దూరదేశం నుంచి పెద్దవారు వస్తే, తొలిరోజే వారి మాత్రల చీటీ చూడండి. సొంతంగా ఏదీ ఆపకండి, వైద్యుణ్ణి అడగండి. మొదటి వారం ఎండలోకి పంపకండి. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలిపితే నీరసానికి ఇవ్వదగిన ద్రవం సిద్ధం. మధుమేహం, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం వైద్యుని సలహా తీసుకోవాలి.

మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ఊరుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోగా ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు.

వీలైతే మీ గుమ్మం ముందు ఒక కుండ పెట్టండి.